అప్పుతో పాటు అంటగట్టిన బీమా

(పెనుకొండలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో, ట్రెజరీ శాఖ నుండి సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీన మనమెందుకు కలుస్తామో ఇక్కడున్న ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని తేలింది. ఆ తీర్పు మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను డి.ఆర్. బకాయిల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ విషయంలో నాకంటే సమర్థులు ఈ వేదిక మీదనే ముగ్గురున్నారు. కాబట్టి వారి అనుమతితో నేను వేరే సంగతి మాట్లాడతాను. పెన్షన్ మన ఖాతాలో పడిన తరువాత, ఆ పెన్షన్‌ను చూపించి మనం తీసుకునే అప్పు గురించి, ఆ అప్పుతో పాటు మనకు తెలియకుండా వచ్చి చేరే బీమా గురించి.

ముందుగా నా తప్పు నేను చెప్పుకోవాలి. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2009లో రిటైరయ్యే దాకా 36 సంవత్సరాలు ఈ మూడు ఊర్ల సబ్ ట్రెజరీల్లోనే నా సర్వీసు గడిచింది. ఉదయం ప్యాసింజరు ఎక్కి హిందూపురంలో ఒకటి, ధర్మవరంలో ఒకటి బదిలీలు. బిల్లులో ఒక పైసా తేడా ఉన్నా, వోచరు మీద ఒక సంతకం తక్కువైనా మెమో రాసి వెనక్కి పంపినవాణ్ణి. నా ఆక్షేపణల వల్ల టీచర్ల జీతాలు రెండు రోజులు ఆలస్యమైన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ బాధితులు ఈ హాల్లో కొందరున్నారు, వారు క్షమించాలి. అటువంటి నేను 2018 జూలైలో ఒక బ్యాంకులో పెన్షన్ లోను తీసుకుంటూ పదకొండు చోట్ల సంతకాలు పెట్టాను. ఒక్క కాగితం కూడా చదవలేదు.

లోను మూడు లక్షలు. ఇంటి మిద్దె కారుతూ ఉంటే దాన్ని సరిచేయించడానికి. కౌంటరులో అబ్బాయి చాలా మర్యాదస్థుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు, పెన్సిలుతో టిక్కు పెట్టిన చోటల్లా "ఇక్కడ సార్, ఇక్కడ సార్" అన్నాడు. నేను పెడుతూ పోయాను. డబ్బు మూడు లక్షలూ వచ్చింది, మిద్దె బాగుపడింది. నాలుగు నెలల తరువాత లోను ఖాతా స్టేట్‌మెంటు తీసుకొని, పాత అలవాటు కొద్దీ పెన్సిలు పట్టుకొని లెక్క వేశాను. లెక్క కుదరలేదు. అసలు మూడు లక్షలు కాదు, 3,14,160 రూపాయలని ఉంది. ఆ 14,160 ఏమిటి? బీమా ప్రీమియం 12,000, దాని మీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 2,160. నా చేతి నుండి ఒక్క రూపాయి ఇవ్వలేదు గనుక నాకు తెలియలేదు. ప్రీమియాన్ని కూడా నాకు అప్పుగా ఇచ్చి, ఆ అప్పును బీమా కంపెనీకి కట్టి, దాని మీద కూడా నా దగ్గర నూటికి 12 వడ్డీ వసూలు చేస్తున్నారు. నెల కంతులో 315 రూపాయలు దీనికే పోతోంది. అరవై నెలలకు 18,900. పన్నెండు వేల వస్తువుకు పద్దెనిమిది వేల తొమ్మిది వందలు. మన ఆడవాళ్లు ధర్మవరం చీర కొనేటప్పుడు కొంగు విప్పి, అంచు విప్పి, వెలుతురులో తిప్పి చూసి గాని డబ్బు తీయరు. నేను అంత కూడా చేయలేదు.

బ్యాంకుకు వెళ్లి అడిగితే "లోనుకు బీమా కంపల్సరీ సార్" అన్నారు. ఏ రూలు ప్రకారం అన్నాను. ఆ అబ్బాయి మేనేజరు గది వైపు చూశాడు. ఇక్కడ ఒక సంగతి అందరూ రాసుకోవాలి. బ్యాంకులు తమ శాఖల్లో అమ్మే బీమా కొనడమూ కొనకపోవడమూ పూర్తిగా ఖాతాదారు ఇష్టమేనని రిజర్వు బ్యాంకు తన ఆదేశాల్లో స్పష్టంగా పెట్టింది. అప్పు ఇవ్వడానికీ బీమా కొనడానికీ ముడి పెట్టకూడదు. తాకట్టు పెట్టిన ఇంటికో, వాహనానికో బీమా అడగడం వేరే సంగతి. నేను చెబుతున్నది మన ప్రాణానికి ముడిపెట్టి అమ్మే బీమా. ఒక వస్తువు కావాలంటే ఇంకొక వస్తువు కూడా కొని తీరాలని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా లెక్కగట్టింది.

నేను రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకున్నాను. నా బీమా కాగితం నాకు ఇవ్వమని అడిగాను. ఐదో నెలలో వచ్చింది. దాన్ని గ్రూపు పాలసీ సర్టిఫికెట్టు అంటారు. అంటే అసలు పాలసీ బ్యాంకు పేరున ఉంటుంది, మనం అందులో ఒక సభ్యులం మాత్రమే. భూతద్దం పెట్టి చదివాను. రెండు సంగతులు కనిపించాయి. మొదటిది, నాకు 70 ఏళ్లు నిండగానే బీమా ఆగిపోతుంది. అప్పటికి నా వయసు 67, లోను ఐదేళ్లు. అంటే చివరి రెండేళ్లు, మనిషి పోవడానికి ఎక్కువ అవకాశమున్న రెండేళ్లు, బీమా లేదు. రెండోది, నాకు షుగరు గాని, బి.పి. గాని, గుండె జబ్బు గాని లేవని నేను ప్రకటించినట్టుంది. కింద నా సంతకం. పదకొండేళ్లుగా షుగరు మాత్ర వేసుకుంటున్నాను. బ్యాంకులో టీ ఇచ్చినప్పుడు చక్కెర లేకుండా ఇవ్వమని ఆ అబ్బాయికే చెప్పాను!

ఆ సర్టిఫికెట్టు ఆరో పేజీలో, అది చేతికందిన 15 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇవ్వవచ్చునని ఉంది. గడువు సంతకం పెట్టిన రోజు నుండి కాదు, కాగితం చేతికందిన రోజు నుండి. వాళ్లు ఐదు నెలలు ఇవ్వకపోవడమే నాకు మేలైంది. కవరు మీద తపాలా ముద్రను సాక్ష్యంగా పెట్టి తొమ్మిదో రోజున రద్దు కోరుతూ రిజిస్టరు పోస్టు చేశాను. కొంత మినహాయించుకొని మిగతాది లోను ఖాతాకు జమ చేశారు. వ్యక్తిగతంగా తీసుకునే జీవిత బీమా పాలసీలకు ఈ గడువును 2024లో 30 రోజులు చేశారు. గ్రూపు పాలసీలైతే ఆ సర్టిఫికెట్టులో ఏమి రాసి ఉందో చూసుకోవాలి.

ఇంతవరకైతే ఇది చెప్పుకొని నవ్వుకొనే కథే. దీని కోసం మీ సమయం తీసుకొనేవాణ్ణి కాదు.

నేను లోను తీసుకున్న మరుసటి నెల, ధర్మవరం నుండి ఒక స్నేహితుడు ఫోను చేశాడు. పేరు చెప్పను, ఇక్కడ చాలామందికి తెలిసిన మనిషి. కూతురి పెళ్లికి నాలుగు లక్షలు పెన్షన్ లోను పెట్టుకున్నాడు. "అన్నా, లోనుకు ఇన్సూరెన్సు కూడా అంటున్నారు, ఏం చేయమంటావు?" అని అడిగాడు. "పెట్టేయప్పా సంతకం, నేనూ పెట్టినాను గదా, ఇంట్లో వాళ్లకు మంచిదే" అన్నాను. అప్పటికి నా లెక్క నేను చూసుకోలేదు. తరువాత చూసుకున్నాక, నా డబ్బు నాకు వచ్చాక, అతనికి ఫోను చేసి "నీ కాగితం కూడా చూసుకో" అని చెప్పాలి గదా. చెప్పలేదు. మరిచిపోయాను. ఇంతకంటే నా దగ్గర సంజాయిషీ లేదు.

2020 ఫిబ్రవరిలో ఆయన గుండెపోటుతో పోయాడు. అప్పటికి లోను బాకీ సుమారు 3 లక్షల 18 వేలు. బీమా ఉంది గదా, లోను తీరిపోతుందనుకున్నారు ఇంట్లో వాళ్లు. జూలైలో ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. 2015లో బెంగళూరులో స్టెంటు వేయించుకున్న సంగతి దాచిపెట్టారు కాబట్టి క్లెయిము తిరస్కరించామని. లోను తీసుకున్నప్పుడు హామీదారుగా భార్య సంతకం కూడా తీసుకున్నారు. ఆమెకు వచ్చే కుటుంబ పెన్షన్‌లో నుండి నెలకు తొమ్మిది వేల మూడు వందల చిల్లర కంతు పోతూ వచ్చింది. సగానికి పైగా అదే. ఆ తల్లి ఎవరికీ చెప్పలేదు. ఉత్తరాన్ని పి.పి.ఓ.తో పాటు ట్రంకుపెట్టెలో పెట్టింది. 2021 అక్టోబరులో వాళ్లింటికి వెళ్లినప్పుడు "బావగారూ, ఇందులో ఏముందో ఒకసారి చూడండి" అని తెచ్చి నా చేతికిచ్చింది.

దరఖాస్తు ప్రతి తెప్పించి చూశాను. ప్రశ్నలకు సమాధానాలు ఒక సిరాతో ఉన్నాయి, సంతకం ఇంకొక సిరాతో ఉంది. తెలుగు మీడియం మనిషి, ఫారం అంతా ఇంగ్లీషు. దరఖాస్తును వేరేవారు నింపితే అందులోని సంగతులు సంతకం చేసేవారికి వివరించామని రాసి సంతకం పెట్టే చోటు ఒకటుంటుంది. అది ఖాళీగా ఉంది. నేనైతే ఆ బిల్లును ఆ ఒక్క కారణంతోనే వెనక్కి పంపి ఉండేవాణ్ణి.

ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ అని హైదరాబాదులో ఉన్నారు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కానీ కంపెనీ కాదన్న నాటి నుండి ఏడాదిలోపు వెళ్లాలి. ఆ ఏడాది ట్రంకుపెట్టెలోనే అయిపోయింది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు. 2022 మార్చిలో అనంతపురం జిల్లా కమిషన్‌లో వేశాము. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. మనం ఉండే చోటి కమిషన్‌లోనే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న బొంబాయికి పోనక్కరలేదు.

కంపెనీ వాళ్ల మొదటి వాదన ఏమిటంటే, పాలసీ బ్యాంకు పేరున ఉంది, ఈమె మా వినియోగదారు కాదు అని. దీనికి మన పక్క రాష్ట్రం రైతులు పెట్టిన భిక్ష ఉంది. కర్ణాటకలో బ్యాడగి అనే ఊరు మిర్చికి ప్రసిద్ధి. అక్కడొక కోల్డు స్టోరేజీలో రైతులు పంట దాచి, దాని మీద బ్యాంకులో అప్పు తీసుకున్నారు. 2014 జనవరిలో అది కాలిపోయింది. బీమా కోల్డు స్టోరేజీ పేరున ఉంది, మీకూ మాకూ ఒప్పందం లేదని కంపెనీ అన్నది. రైతులు సుప్రీంకోర్టు దాకా పోరాడారు. బీమా వల్ల లబ్ధి పొందవలసిన వారు కూడా వినియోగదారులేనని 2020 ఫిబ్రవరిలో కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రతిని మా అర్జీకి జతపరిచాము.

రెండో వాదన, జబ్బు దాచారని. జీవిత బీమా మొదలై మూడేళ్లు దాటితే ఏ కారణం చేతా పాలసీని ప్రశ్నించకూడదని బీమా చట్టం 45వ సెక్షను. మన మిత్రుడికి ఏడాదిన్నరే అయింది, ఆ రక్షణ దొరకలేదు. అయితే అదే సెక్షనులో ఇంకొక మాట ఉంది. మోసం కాక, ఒక సంగతి చెప్పలేదన్న కారణంతోనే క్లెయిము కాదంటే, కట్టిన ప్రీమియమైనా 90 రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి. ఆమెకు వచ్చిన ఉత్తరంలో ఆ మాట లేదు, ప్రీమియమూ రాలేదు. అది కమిషన్ దృష్టికి తెచ్చాము.

2023లో ఉత్తర్వు ఆమెకు అనుకూలంగా వచ్చింది. కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లింది. అప్పీలు చేయాలంటే చెల్లించవలసిన మొత్తంలో సగం ముందుగా డిపాజిటు చేయాలని చట్టంలో ఉంది గనుక, ఆ సగమైనా ఒక చోట భద్రంగా ఉంది. అప్పీలు ఇంకా తేలలేదు. ఈలోగా ఆమె లోను మొత్తం తీర్చేసింది.

బెంగళూరులో లా చదువుతున్న మా మనవడికి ఈ కాగితాలన్నీ చూపిస్తే, "తాతా, ఇదే గొడవ ఇంగ్లండులో దేశమంతా నడిచింది" అన్నాడు. వాడు చెప్పింది, చదివి వినిపించింది మీకు చెబుతాను. అక్కడ ప్లెవిన్ కేసు అని ఒకటుంది. ఆమె భర్త పోయిన కాలేజీ అధ్యాపకురాలు. ఇల్లు తాకట్టు పెట్టి 34,000 పౌండ్లు పదేళ్ల అప్పు తీసుకున్నది. దానికి బీమా అని 5,780 పౌండ్లు అప్పులోనే కలిపారు. అప్పు పదేళ్లు, బీమా ఐదేళ్లే. నా సర్టిఫికెట్టు గుర్తుకొచ్చి నాకు నవ్వొచ్చింది. ఆ ప్రీమియంలో నూటికి 71.8 వంతులు బీమాకు పోలేదు, మధ్యవర్తికీ అప్పిచ్చిన కంపెనీకీ కమీషనుగా పోయింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల 1974 రుణ చట్టంలో, అప్పిచ్చినవారికీ తీసుకున్నవారికీ మధ్య సంబంధం అన్యాయంగా ఉంటే కోర్టు దాన్ని సరిదిద్దవచ్చునని 2006లో చేర్చిన ఒక సెక్షను ఉంది. ఇంత కమీషను దాచిపెట్టడమే అన్యాయమని 2014 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు అన్నది. అటువంటి బీమాలు అక్కడ లక్షల మందికి అంటగట్టారు. ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29 ఆఖరు తేదీగా పెట్టారు. బ్యాంకులు తిరిగి చెల్లించినది 3,800 కోట్ల పౌండ్లు దాటింది. మన లెక్కలో మూడున్నర లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. 2025 ఆగస్టులో కార్ల అప్పుల మీద దాచిన కమీషన్ల విషయంలోనూ అదే సెక్షను కింద ఒక కారు కొన్నాయనకు అక్కడి సుప్రీంకోర్టు న్యాయం చేసింది.

ఇంకొకటి కూడా వాడు చెప్పాడు. ఆ డబ్బు ఇప్పిస్తామని దళారీ కంపెనీలు పుట్టుకొచ్చి, వచ్చిన దాంట్లో నాలుగో వంతు, అంతకు పైన కూడా లాగేశాయట. ప్రభుత్వం పరిమితి పెట్టవలసి వచ్చింది. మన దగ్గర కూడా "మీ పాలసీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాము, ముందు జి.ఎస్.టి. కట్టండి" అని ఫోన్లు వస్తున్నాయి. మన సభ్యులిద్దరు ఇప్పటికే మోసపోయారు. అటువంటి ఫోను వస్తే పెట్టేయండి.

మన దేశంలో అప్పు సంబంధం అన్యాయమైనదని నేరుగా చెప్పే సెక్షను అలా లేదు. కానీ మనవాళ్లకు ఈ విషయం కొత్త కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను తీసి చూడండి. అందులో ఉదాహరణగా ఇచ్చింది ఎవరినో కాదు, ఊరి వడ్డీ వ్యాపారినే. తనకు బాకీ ఉన్నవాడి చేత మరీ అన్యాయమైన షరతులతో ఇంకొక అప్పు రాయించుకుంటే, ఒత్తిడి చేయలేదని నిరూపించుకోవలసిన బాధ్యత ఆ వ్యాపారిదే అంటుంది. 2010లో మైక్రోఫైనాన్సు వసూళ్ల బాధ భరించలేక మన రాష్ట్రంలో ఆర్డినెన్సు తెచ్చిన సంగతి మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఇప్పుడు 2019 చట్టంలో అన్యాయపు ఒప్పందం అన్న మాటకు నిర్వచనం పెట్టారు. ముందుగా అప్పు తీరుస్తామంటే ఒప్పుకోకపోవడం కూడా అందులో ఉంది. అయితే ఒక చిక్కు. ఒప్పందమే అన్యాయమైనదంటే జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. సేవాలోపం, నిర్బంధ వ్యాపారం అని రాస్తే జిల్లాలోనే వింటారు. మేము అలాగే రాశాము. అర్జీలో ఏ మాట వాడుతున్నామన్నది ముఖ్యం. ఇది మన గుమాస్తాలకు తెలిసినంత వకీళ్లకు తెలియదని నా అభిప్రాయం. వకీళ్లు ఎవరైనా ఉంటే మన్నించాలి.

2024 అక్టోబరు 1 నుండి తీసుకున్న లోన్లకు ఒక మంచి జరిగింది. ముఖ్యమైన వివరాల పత్రం అని ఒకటి ముందుగా ఇవ్వాలి. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని అడగండి. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో కావాలంటే తెలుగులో ఇవ్వాలి. బీమా ప్రీమియంతో సహా అన్ని ఖర్చులూ కలిపి సాలీనా ఎంత పడుతుందో అందులో చూపించాలి. అందులో లేని ఖర్చును మన స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకోండి. కొడుకుకో, కోడలికో చూపించండి. టీ ఇచ్చారు గదా అని మొహమాటపడకండి.

బీమా అంటేనే వద్దని నేను అనడం లేదు. హిందూపురంలో మన సభ్యుడొకరు పోయినప్పుడు లోను మొత్తం బీమాతోనే తీరింది, ఆ కుటుంబం నిలబడింది. ఆయన జబ్బు సంగతి దాచకుండా రాయించాడు, ప్రీమియం కొంచెం ఎక్కువ కట్టాడు, అంతే తేడా. తీసుకుంటే లోను ఆఖరు కంతు దాకా ఉండేది తీసుకోండి, మాత్రలన్నీ పేరుపేరునా రాయించండి.

బ్యాంకు మీద ఫిర్యాదైతే ముందు బ్యాంకుకే రాసి, 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపాలి. కంప్యూటరు తెలియని వారు తెల్లకాగితం మీద రాసి చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయానికి పోస్టులో పంపవచ్చు. 14448కు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. బీమా కంపెనీ మీదైతే 155255. ఏది చేసినా తేదీలు వేసుకోండి. ఏ కాగితం ఏ రోజు వచ్చిందో కవరుతో సహా దాచండి.

అధ్యక్షుల వారు గంట కొట్టకముందే ఒక్క మాట. వచ్చే నెల మొదటి ఆదివారం నుండి ప్రతి ఆదివారం ఉదయం పది నుండి ఒంటిగంట దాకా నేను మన సంఘం గదిలో కూర్చుంటాను. కార్యదర్శి గారు బల్ల, రెండు కుర్చీలు ఇస్తామన్నారు. లోను ఉన్నవారు స్టేట్‌మెంటు, బీమా సర్టిఫికెట్టు, అది లేకపోతే లేదని చెప్పడానికైనా రండి. కుటుంబ పెన్షనరు అమ్మలు ట్రంకుపెట్టెలో ఉన్న ఇంగ్లీషు ఉత్తరాలన్నీ తీసుకురండి, పాతవైనా సరే. కళ్లద్దాలు మరిచిపోకండి. భూతద్దం నేను తెస్తాను.